కంప్యూటర్‌కు కుట్టిన గౌను

ఉదయం ఎనిమిదింటికి ఆ ఇంట్లో రెండు చప్పుళ్లు మొదలయ్యేవి. ముందు గదిలో అమ్మ కుట్టు మిషను, పక్క గదిలో అక్క కంప్యూటరు. అక్క ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. ఆఫీసు వేరే ఊళ్లో ఉన్నా ఇంటి నుంచే పని చేసుకోనిచ్చారు. కూతురు కళ్లెదుటే ఉందని అమ్మకు ఎంత సంబరమో!

నెల రోజులుగా మాత్రం ఆ కంప్యూటరు మొరాయిస్తోంది. పొద్దున్నే చకచకా మొదలవుతుంది. అరగంట కాగానే నత్తనడక. గీసిన గీత తెరమీద కనబడేలోపు ఒక ఆవులింత పూర్తవుతుంది.

ఆ రోజు అక్క మౌస్‌ను బల్లకేసి కొట్టింది.

"ర్యామ్ రెట్టింపు చేయించాను. పాత డిస్క్ తీయించి కొత్తది పెట్టించాను. అయినా ఇదే నస! మధ్యాహ్నంలోగా ప్లాను పంపకపోతే ఆఫీసుకే వచ్చి కూర్చోమన్నారు. పోతాను. అక్కడే హాస్టల్లో ఉంటాను."

ముందు గదిలో కుట్టు మిషను టక్కున ఆగిపోయింది.

బస్సు డ్యూటీకి బయల్దేరుతున్న నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఏమే చిన్నదానా, అందులో ఆటలేవో ఎక్కించావట?"

"ఒక్కటే నాన్నా..."

"ఒక్కటి చాలదూ? నీ ఆట కోసం అక్క ఇల్లు వదిలిపోవాలా?"

"పోనీండి, పసిది," అంది అమ్మ గుమ్మంలోంచి.

"పసిదేంటమ్మా! ఇదంతా దాని పుణ్యమే," అంది అక్క.

పదో తరగతి చదువుతున్న చిన్నదానికి నలుగురిలో నోరు పెగలదు. తల వంచుకుని నిలబడింది. నాన్న వెళ్లిపోయాడు. కాస్త గడువు అడగడానికి అక్క ఫోను పట్టుకుని మేడ మీదికి వెళ్లింది.

చిన్నది అక్క కుర్చీలో కూర్చుంది. ఏ ప్రోగ్రాము ఎంత పని చేయిస్తోందో చూపించే పట్టిక తెరిచింది. అందులో ఆట ఊసే లేదు. ర్యామ్ సగం ఖాళీగా ఉంది. కానీ ప్రాసెసర్ వేగం మాత్రం పావు వంతుకు పడిపోయింది.

బల్ల కిందికి వంగి, సీపీయూ పెట్టె మీద చెయ్యి వేసింది. ఇస్త్రీ పెట్టెలా కాలింది. నెల కిందట అమ్మ కుట్టిన నీలం గౌను దాన్ని ఒళ్లంతా కప్పేసింది. జిప్పు తీసి చూస్తే వెనకాల ఫ్యాను గాలి పోయే జాలీ కూడా కనబడలేదు. దాని మీద లైనింగు గుడ్డ ఉంది. వంకర సూదితో కంతల్లోంచి దారం పోనిచ్చి, అంచు మడిచి కుట్టిన కుట్లు. ఆ చేతి పని చిన్నదానికి తెలియనిదా?

చెబితే అమ్మ ఏడుస్తుంది. చెప్పకపోతే అక్క వెళ్లిపోతుంది. చిన్నది కత్తెర తెచ్చి కుట్లు కోసింది. గౌను విప్పి పక్కన పెట్టి, గుడ్డను జేబులో దాచింది. కంప్యూటరు ఆపి, చల్లారనిచ్చి, మళ్లీ వేసి, తన ఆటను తీసేసింది.

"ఆట తీసేశానక్కా. ఇప్పుడు చూడు," అంది.

"చెప్పానా! ముందే తీసి ఉంటే ఏం పోయేది?" అని అక్క పనిలో పడింది. గీతలు వేలి వెంట పరుగెత్తాయి. పన్నెండు కాకముందే ప్లాను వెళ్లిపోయింది.

సాయంత్రం నాన్న వచ్చి చెప్పులు విప్పుతుంటే, అమ్మ ఆ గౌను పట్టుకుని ముందుకొచ్చింది.

"దీన్ని మళ్లీ తొడుగుదామని వెళ్లాను. వెనక గుడ్డ లేదు. నా కుట్లెవరు కోశారే?"

చిన్నది జేబులోంచి గుడ్డ తీసి ఇచ్చింది. "దానికి గాలి ఆడాలమ్మా. వేడెక్కితే కాలిపోకుండా అదే నెమ్మదిస్తుంది."

అమ్మ ముఖం పాలిపోయింది. "లోపలికి దుమ్ము పోతుందని కుట్టానే. అది పాడైతే నా పిల్ల ఇంట్లో ఉండదని భయపడ్డాను. నేనే దాన్ని పంపేయబోయానా?"

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మను ఒక చేత్తో, చెల్లెల్ని ఒక చేత్తో దగ్గరికి లాక్కుంది. "నిన్ను అన్ని మాటలన్నాను. నోరు విప్పవేమే మొద్దూ?"

"తప్పు నాది," అన్నాడు నాన్న. "ఇంజిను కాగితే బండి లాగదని నాకు తెలియదా? ముట్టుకుని చూడకుండా పిల్ల మీద పడ్డాను."

మర్నాటి నుంచి ఆ గౌను రాత్రిపూట మాత్రమే. పొద్దున్నే అమ్మ కేకేస్తుంది, "గౌను విప్పారా దానికి?"

బడి నుంచి వచ్చి చిన్నది కంప్యూటరు తెరిస్తే, తీసేసిన ఆట మళ్లీ తెరమీద ఉంది. పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంది.

"జరుగు," అంది అక్క. "ఎలా ఆడాలో నాకూ నేర్పు."