కిందికి దిగిన నెబ్యులా

"పిల్లలకు తప్పు చెప్పిన్రు," అంది నిషాత్, చివరి పిల్లవాడు గుడారం దాటగానే.

ముకర్రం ప్రొజెక్టర్ పక్కన కూలబడ్డాడు. కరీంనగర్ నుంచి మోటరుతో గాలి నింపే గుడారం మోసుకొచ్చి బడుల్లో ఆకాశం చూపించడం అతని పని. ఈ బోథ్ బడికి రావడం ఇది మూడో ఏడు. ఈ సైన్స్ టీచర్ నిషాత్‌తో కొట్లాట కోసమే వస్తాడని ఆమెకు తెలియదనుకుంటాడు, పాపం.

"ఏం తప్పు టీచర్? టరాంటులా నెబ్యులా, చుక్కలు పుట్టే మబ్బు, పెద్దవాట్ల పెద్దది. అడ్డం వెయ్యి కాంతి సంవత్సరాలు!"

"ఎవరు టేపు వట్టిన్రు? అది పొగ లెక్క. అంచు ఏడుందో చెప్పున్రి జర! పల్చటి పొగను ఒకలు కలుపుతరు, ఒకలు ఇడిసిపెడ్తరు. దూరం తప్పయితే సైజు గూడ తప్పే."

మామూలుగా అయితే ఎదురు వాదించేవాడే. ఇవాళ మనసు ఎక్కడో ఉంది. ఆమెను ఖాయం చేసుకోవడానికి సాయంత్రం నిర్మల్ నుంచి దుబాయ్ పెళ్లికొడుకు వాళ్లు వస్తున్నారని, పొద్దున్నే ఆయా రామవ్వ చెప్పింది. ఆ పరేషాన్‌లో ప్రొజెక్టర్ ఒక్కదాన్నే బ్యాటరీకి తగిలించి, గాలి మోటరును మరిచాడు.

కరెంటు పోయింది. మోటరు ఆగింది. చెవులు మూసినట్టు నిశ్శబ్దం.

"కదలకున్రి. గుడ్డ మెల్లగ దిగుతది, ఫికర్ లేదు," అన్నాడు ముకర్రం.

గుడ్డ దిగుతూనే ఉంది. ఎర్రటి నెబ్యులా మాత్రం కంటికి అంతే ఉంది. పెరగదు, తరగదు.

"దగ్గరికొస్తుందా, ఆడనే ఉందా?" నిషాత్ చెయ్యి పైకి చాపింది. "సమజైతలేదు."

ఇంకా మూరెడు పైనే ఉందనుకున్నాడు ముకర్రం. అంతలోనే చల్లగా ఏదో నుదురు తాకింది. ఆ ఎర్రటి చీకటి తమ ఇద్దరినీ వంగి చూస్తున్నట్టే ఉంది. భయానికి, మూడేళ్లుగా దాచిన మాట బయటపడింది.

"సాయంత్రం వచ్చేటోళ్లకు ఒప్పుకోకు నిషాత్. మా అమ్మీని మీ ఇంటికి పంపిస్త."

గుడ్డ ఇద్దరి మధ్యకూ దిగింది. ఆమె ఎంత దూరంలో ఉందో, అసలు ఉందో లేదో తెలియలేదు.

"ఎవలన్న మనసుల ఉంటే ఇయ్యాల్నే చెప్పమన్నడు మా అబ్బాజాన్." గొంతు అతని చెవి పక్కనే వినిపించింది. "గీ షో అయ్యేదాంక నువ్వు చెప్తవేమోనని చూసిన. లేకుంటే నిర్మలోళ్లకే సరే అందామనుకున్న."

"ఇప్పుడు?"

"ఇప్పుడేంది, ఫోన్ చెయ్ మీ అమ్మీకి! జల్ది!"

కరెంటొచ్చి మోటరు గర్జించింది. గుడ్డ పైకి లేచింది. ముకర్రం ఫోన్‌లో అమ్మీకి అప్పటికే రింగవుతోంది.