దొరసాని గోదారి దాటిన రోజు

తెల్లారి కాఫీ గ్లాసుతో వరహాలక్ష్మి పెరట్లోకి వచ్చేసరికి, అత్తగారు సంపూర్ణమ్మ రెండు మామిడిపళ్ళ బుట్టల్ని మూతికి మూతి ఆనించి, దబ్బనంలో పురికొస ఎక్కించి ఒక పక్కంతా కుట్టేస్తోంది. రెండో పక్క తలుపులా తెరుచుకుంటుంది. లోపల, ఆవిడ కట్టి విడిచిన నేతచీర మడతల్లో, దొరసాని కళ్ళు మూసుకుని పడుకుంది.

దొరసాని అంటే పిల్లి. జంగారెడ్డిగూడెంలోని ఆ అద్దె కొంపలో అద్దె ఊసెత్తకుండా కాపురం చేసిన ఏకైక ప్రాణి. ఇవాళ్టితో ఆ కాపురం సరి. వరహాలక్ష్మి మొగుడు చలపతికి బ్యాంకువాళ్ళు రాజమండ్రి బదిలీ చేశారు. అక్కడ సొంతిల్లూ పూర్తయింది. పదకొండింటికి గృహప్రవేశం. ఇల్లు మార్చాలంటే సామాన్లు సామాన్యం, లారీ మోస్తుంది. మార్జాలాన్ని మార్చాలంటేనే ఇంద్రజాలం కావాలి.

ఆ ఇంద్రజాలం సంపూర్ణమ్మ దగ్గరుంది. వారం నుంచీ దొరసానికి పెరుగన్నం ఆ బుట్టలోనే. మొదట అంచు దగ్గర పెట్టింది, తర్వాత నడుమకి జరిపింది, ఆఖరికి మూలకి. ఇప్పుడు దానికి బుట్ట బోను కాదు, భోజనశాల. నిన్న రాత్రి మాత్రం పస్తు, ప్రయాణంలో కక్కకుండా.

"పైన పల్చటి తడిగుడ్డ కప్పుతానే వరాలూ. చీకటిగా ఉంటే బెదరదు, చల్లగా ఉంటే వగర్చదు. అక్కడ దిగాక నాలుగు రోజులు ఒక్క గదిలో పెట్టి తలుపేసెయ్యాలి. ముందు గది తనదనిపిస్తే, తర్వాత ఇల్లూ తనదవుద్ది."

"నేను కాపురానికి వచ్చినప్పుడు నాకూ ఇలాంటివి చేశారేంటి అత్తయ్యా?"

"నీకు నేను వేరే చెయ్యక్కర్లేదుగా. పెళ్ళిలోనే మీ మేనమామలు బుట్టలో పెట్టి తెచ్చారు."

వరహాలక్ష్మి కాఫీ పొలమారేలా నవ్వింది. గట్టిగా ఒక మాట అనకుండా పిల్లిని బుట్టకీ, కోడల్ని ఇంటికీ అలవాటు చేసిన మనిషి. ఈవిడకి బ్యాంకు అప్పజెప్పినా నడిపేస్తుందనిపించింది.

ఎనిమిదింటికి సుమో వచ్చి ఆగింది. అందులోంచి అప్పాజీ దిగాడు. ఆయన చలపతికి బాబాయి, సంపూర్ణమ్మకి మరిది. జేబులో పంచాంగం, చేతికి వాచీ, నోట్లో శకునాలు. శకునాల విషయంలో శకునిగారి దగ్గర శిష్యరికం చేశాడని చలపతి చాటుగా అంటాడు. చాటుగానే.

"తొమ్మిదికి బయల్దేరాలి. దాటితే వర్జ్యం," అంటూ వచ్చిన అప్పాజీ బుట్ట చూసి ఆగిపోయాడు. "ఏంటి వదినా, పిల్లి కూడా మనతోనేనా? పిల్లి అడ్డమొస్తేనే ప్రయాణం ఆపుకుంటాం. ఏకంగా ఒళ్ళో పెట్టుకుని సొంతింటికి బయల్దేరతామా?"

చలపతికి రోజంతా నోట్లు లెక్కపెట్టడం వచ్చు గానీ, బాబాయి ముందు నోరు తెరవడం రాదు. "బుట్టలోనే ఉంటుంది కదా బాబాయ్..." అని నసిగి ఊరుకున్నాడు.

సంపూర్ణమ్మ చాలా తేలిగ్గా అనేసింది. "నిజమే అప్పాజీ. మీరెళ్ళి పాలు పొంగించుకోండి. నేను రేపు దీన్ని తీసుకుని బస్సులో వస్తాను."

అంతా తేలిపోయినట్టు అప్పాజీ తలూపాడు. వరహాలక్ష్మికి మాత్రం పొయ్యి లేకుండానే పాలు పొంగాయి.

"పిల్లి కోసం గృహప్రవేశం మానేస్తారా అత్తయ్యా? ఇల్లు కట్టినన్నాళ్ళూ ఎండలో గొడుగేసుకుని గోడలు తడిపించింది మీరు. ఇప్పుడు మేం అక్కర్లేదు, పిల్లే కావాలి. అంతేగా?"

"అది మూగది కదమ్మా."

"మాకు నోరుంది గనక వదిలేస్తారన్నమాట."

సంపూర్ణమ్మ బుట్ట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వరహాలక్ష్మి ఊరుకునే రకం కాదు. విసవిసా పక్కింటికి వెళ్ళి, అంతే విసురుగా తిరిగొచ్చింది. "రత్నమాణిక్యం గారు రేపు కారులో రాజమండ్రి వస్తున్నారట. దొరసానిని ఆవిడ తెస్తారు. ఇంక మీరు చీర మార్చుకోండి."

సంపూర్ణమ్మ ముఖం తేలికపడాలి కదా. బిగుసుకుంది. "ఇంటివాళ్ళకి తాళం ఇవ్వాలి కదే."

"అదీ ఆవిడకే ఇస్తాం."

"ఇల్లు కడిగి అప్పగించడం మర్యాద."

"పనమ్మాయికి చెప్పాను."

"నా మోకాళ్ళు..."

"సుమోని మీరు నడపక్కర్లేదు, నడవక్కర్లేదు. కూర్చుంటే చాలు."

ఆవిడ ఇంకో సాకు కోసం ఖాళీ వంటిల్లంతా కళ్ళతో వెతికింది. ఆ వెతుకులాట చూసిన కోడలికి, ఇది పిల్లి గొడవ కాదని అర్థమైంది. చలపతి రోజూ ఆఫీసుకి బయల్దేరే వేళకి అత్తగారు ఎక్కడుంటారు? పెరట్లో. తన తమ్ముడి పెళ్ళికి అందరూ బయల్దేరినప్పుడు? తలనొప్పని గదిలో. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఒక్క ప్రయాణానికైనా ఆవిడ గుమ్మంలో నిలబడి సాగనంపినట్టు గుర్తు లేదు.

వరహాలక్ష్మి గొంతు తగ్గింది. "అత్తయ్యా, మేం బయల్దేరేటప్పుడు మీరు వీధిలోకి రారేం?"

సంపూర్ణమ్మ బుట్ట మీద తడిగుడ్డ సర్దింది. "మీ మావయ్యగారు కాలం చేసిన ఏడాది, చలపతి మొదటి ఇంటర్వ్యూకి వెళ్తుంటే, కాఫీ తాగి వెళ్ళరా అని నేనే ఎదురెళ్ళాను. ఆ ఉద్యోగం రాలేదు. నన్నెవరూ తిట్టలేదు. 'నువ్వెందుకు ఎదురొచ్చావు వదినా' అన్నాడు అప్పాజీ. అంతే. అప్పట్నించీ నేనే చూసుకుని మసులుకుంటున్నాను. పిల్లినైతే బుట్టలో పెట్టి గుడ్డ కప్పొచ్చు. నన్ను నేను ఎందులో దాచుకోనే?"

అమ్మ రావట్లేదేమని లోపలికొచ్చిన చలపతి గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనకే టైమవుతోందని చెప్పడానికి వచ్చిన అప్పాజీ కూడా విన్నాడు.

"నువ్వు పనిలో ఉన్నావనుకునేవాణ్ణమ్మా," అన్నాడు చలపతి. "ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను." వచ్చి తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

వరహాలక్ష్మి కళ్ళు తుడుచుకుని నడుముకి కొంగు దోపింది. "మంచి జరగాలంటే మంచి మనిషిని ఎదురు రమ్మంటారు మనవాళ్ళు. నాకు తెలిసిన మంచి మనిషి ఈ ఇంట్లోనే ఉన్నారు. మేం వెళ్ళి సుమో దగ్గర నిలబడతాం. మీరు వీధి మొదట్నించి మాకు ఎదురు రండి అత్తయ్యా. బుట్ట కూడా పట్టుకునే రండి."

"తప్పే, అంత మాటనకు."

"మీరు రాకపోతే బండి కదలదు. ఏమంటారు చిన్నమావయ్యగారూ?"

అందరూ అప్పాజీ వైపు చూశారు. పంచాంగమంతా నోటికి వచ్చిన మనిషి తల వంచుకుని, కింద ఉన్న బుట్ట తనే ఎత్తి వదినగారి చేతికిచ్చాడు. "రా వదినా. ఆ రోజు ఆ మాట అని ఉండాల్సింది కాదు," అన్నాడు.

సంపూర్ణమ్మ వీధి మలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. లారీ దగ్గర కూలీలు, గుమ్మాల్లో ఇరుగుపొరుగు, అందరూ చూస్తున్నారు. ఒక అడుగు వేసి ఆగింది. బుట్టలోంచి దొరసాని సన్నగా మ్యావుమంది. "భయం లేదే," అని దానికి చెబుతూ నడిచింది. ఎవరికి చెప్పుకుందో ఆవిడకే తెలియాలి. దగ్గరికి వచ్చేసరికి వరహాలక్ష్మి వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. చలపతి కూడా వంగాడు.

"తొమ్మిది దాటిపోయిందిరా," అంది సంపూర్ణమ్మ కంగారుగా.

అప్పాజీ వాచీ చూసుకుని చొక్కా చెయ్యి కిందికి లాగేశాడు. "నా వాచీ ఎప్పుడూ ముందే పరుగెడుతుంది వదినా. ఇంకా టైముంది. నువ్వు ముందు సీట్లో కూర్చో."

కొవ్వూరు దాటి సుమో వంతెన ఎక్కింది. గాలి విసురుకి తడిగుడ్డ ఎగరకుండా సంపూర్ణమ్మ ఒళ్ళోని బుట్ట చుట్టూ చెయ్యి వేసింది. లోపల చప్పుడు లేదు.

"కొంచెం గుడ్డ తియ్యండి అత్తయ్యా, దొరసాని కూడా గోదారి చూస్తుంది," అంది వెనక నుంచి వరహాలక్ష్మి.

"వద్దులే, బెదురుద్ది. దాని వంతు కూడా నేను చూస్తున్నాను," అంది సంపూర్ణమ్మ, అద్దంలోంచి ఎదురుగా వస్తున్న రాజమండ్రి ఒడ్డు మీంచి చూపు తిప్పకుండా.