పైడమ్మగారి అగరొత్తులు

"సచ్ బతాయియే, నిజం చెప్పండి, రోజుకెన్ని కాలుస్తారు?" అని అడిగింది ఆ అమ్మాయి.

సూర్యప్రకాష్ అటూ ఇటూ చూశాడు. ఆ అమ్మాయి కాక గదిలో తనూ, తల్లి పైడమ్మా తప్ప ఇంకెవరూ లేరు.

"ఏటి కాల్చడం?"

"సిగరెట్లు. మీ షర్టంతా పొగ వాసన. అమ్మగారి ఊపిరి ఇలా ఎందుకుందో ఇప్పుడర్థమైంది."

"నేను సిగరెట్ ముట్టనండి."

"అందరూ ఇదే చెప్తారు భయ్యా."

సిగరెట్ నింద కంటే ఆ 'భయ్యా' ఎక్కువ గుచ్చుకుంది.

భిలాయిలో పవర్‌హౌస్ అనే పేటలో ఒక ఛాతీ డాక్టరు దగ్గర ఊపిరి పరీక్షలు చేసే ఆ అమ్మాయి పేరు హేమమాలిని. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోటికి గొట్టం అందించి, "ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా" అంటూ రోగి కంటే తనే ఎక్కువ ఆయాసపడుతుంది. పైడమ్మ సగం ఊది దగ్గులో పడింది. హేమమాలిని విసుక్కోలేదు. వీపు నిమిరి, గోరువెచ్చని నీళ్లిచ్చి, తనవైపున్న టేబుల్ ఫ్యాన్‌ని ఆవిడవైపు తిప్పింది.

ఆ ఫ్యాన్ సంగతి సూర్యప్రకాష్ గమనించాడు. అక్కడే చిక్కుకున్నాడు.

డాక్టరు ఇన్‌హేలర్ రాసి నెల తర్వాత రమ్మన్నాడు. నెల తర్వాత ఊదిస్తే అంకెలు పెరగకపోగా ఇంకొంచెం తగ్గాయి. "ఇలాగే జారితే ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవాల్సొస్తుంది" అన్నాడు డాక్టరు.

సూర్యప్రకాష్ ఉతైలో ఒక బడిలో లెక్కల మాస్టారు. మర్నాడు బడి అవగానే సంచి ఒకటి పట్టుకుని ఒంటరిగా క్లినిక్‌కి వెళ్లాడు. సంచిలోంచి ఉతికిన షర్టు తీసి హేమమాలిని ముందు పెట్టాడు.

"వాసన చూడండి."

"క్యా?"

"చూడండి. నింద వేసింది మీరు. ఫైసలా కూడా మీరే చెప్పాలి."

బెంచీ మీదున్న ఇద్దరు రోగులు దగ్గడం మానేసి వినసాగారు. హేమమాలిని షర్టుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కనుబొమలు ముడిపడి, మెల్లగా విడిపోయాయి.

"సిగరెట్ కాదు. చందనం."

"మరి!"

"ఆగండి. బట్టలెక్కడ ఆరేస్తారు?"

"వానలు కదా. హాల్లోనే, దేవుడి గూడు పక్కన."

"అమ్మగారు అగరొత్తులు ఎన్ని వెలిగిస్తారు?"

"పూటకి ఆరు. మూడు పూటలా. శుక్రవారం సాంబ్రాణి వేరే."

"కిటికీలు?"

"మూసే ఉంటాయి. స్టీలు ప్లాంటు దుమ్ము రాకుండా."

హేమమాలిని షర్టు మడతపెట్టింది. "మన భిలాయిలో ఇదే తమాషా. దగ్గొస్తే ప్లాంటు మీదికి తోసేస్తాం. గాలి బాగుండాలని తలుపులు బిగించుకుని లోపల అగరొత్తి ముట్టిస్తాం. చందనమైనా బొగ్గయినా పొగ పొగే కదా! ఆ సన్నటి మసి కంటికి కనబడదు, నేరుగా ఛాతీలోకి పోతుంది. మందు ఒకపక్క ఊపిరి తెరుస్తుంటే, ఇది ఇంకోపక్క మూసేస్తోంది."

"అయితే నేను నిర్దోషినేనా?"

"సారీ భ..." అని ఆగి, మిగతాది మింగేసి, "సారీ మాస్టారూ" అంది.

ఆ మింగుడుకి అతను ఆ వారమంతా నవ్వుకున్నాడు. ఏదో ఒక సందేహం మిషతో రోజూ ఫోన్ చేశాడు. ఆమె కూడా సందేహానికి కావలసినదానికంటే పొడుగ్గానే జవాబు చెప్పింది.

ఇంట్లో మాత్రం అగరొత్తులు మానడానికి పైడమ్మ ఒప్పుకోలేదు.

"ఎవలి పిల్లది?"

"చరోదాలో ఉంటారమ్మా. వాసుదేవరావుగారని, రైల్వేలో గార్డుగా చేసేరు."

"తల్లో?"

"ఆవిడ చర్చికెళ్తారట."

"అదీ సంగతి! మన దేవుళ్లకి అగరొత్తి ఎట్టొద్దని చర్చి పిల్ల చెప్తే నువ్వు తలూపేసేవు. నీకు దాని మీద మనసు. నాకు తెల్దనుకున్నావేటి? నా దేవుడి గూడు ఆర్పించీసే పిల్ల ఈ గడప తొక్కదు."

తల్లి ఊపిరీ, తన పెళ్లీ ఒకే 'కాదు'లో పోయాయని లెక్కల మాస్టారికి అర్థమైంది. ఆ సంగతి దాచకుండా హేమమాలినికి చెప్పేశాడు. ఆమె ఇంటి నంబరు అడిగింది.

ఆదివారం పొద్దున్న, జోరువానలో, ఆమె స్కూటీ క్యాంప్ 1 పేటలో వాళ్ల గుమ్మం ముందు ఆగింది.

"మా దేవుళ్లతో నీకేటమ్మా పేచీ?" అంది పైడమ్మ, కూర్చోమనకుండానే.

"ఏ దేవుడితోనూ లేదు ఆంటీ. మా ఇంట్లో నాన్న అగరొత్తులూ ఆపించేను, అమ్మ కొవ్వొత్తులూ ఆపించేను. ఇన్నేళ్లలో వాళ్లిద్దరూ ఒక్కటయింది అప్పుడే, నన్ను తిట్టడానికి."

పైడమ్మకి నవ్వొచ్చింది. వెనకే దగ్గొచ్చింది. హేమమాలిని నీళ్లందించి, దగ్గు తగ్గేదాకా ఆగింది.

"పూలు పెట్టండి, దండం పెట్టండి. ఎవరు వద్దన్నారు? అయినా మూడు పూటలెందుకు ఆంటీ?"

"మాయనది ప్లాంటులో బొగ్గు కాల్చీ కోక్ ఓవెన్ డ్యూటీ. ఏ షిఫ్టు దిగొచ్చినా ఒల్లంతా గ్యాసు వాసనే. వచ్చీ ఏళకి ముట్టించీదాన్ని. ఆయన గుండాగి పోయి రెండేళ్లయింది. ఇప్పటికీ ఆ మూడు షిఫ్టుల ఏళకీ నా చెయ్యి ఊరుకోదు."

హేమమాలిని ఆవిడ చేతిలోని గ్లాసు అందుకుంది.

"అంకుల్‌కి ఇష్టమా, ఆ వాసన?"

పైడమ్మ గోడ మీది ఫోటో వైపు చూసింది. అవునని చెప్పబోయి, తల అడ్డంగా ఊపింది.

"ఏం ఇష్టం! చెప్పులిప్పకముందే కిటికీ తీసీవోడు. 'పొద్దల్లా పొగలో ఉండొచ్చేను, ఇంట్లో కూడా పొగేటే' అని అరిసీవోడు. దుమ్మొస్తాదని నేను మళ్లీ మూసీదాన్ని. జీవితమంతా ఇదే తగువు." ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఆయన పోయేక, నేను నెగ్గేసేను."

లేచి, గూట్లో కాలుతున్న అగరొత్తుల చివరలు నీళ్లలో ముంచింది.

"సూరీ, ఆ కిటికీ తియ్యరా."

రెండేళ్లుగా మూసున్న కిటికీ మాట వినలేదు. సుత్తి తెచ్చి నాలుగు దెబ్బలు వేస్తే తుప్పు రాల్చుకుంటూ తెరుచుకుంది. తడిగాలి లోపలికి వచ్చింది. దాంతోపాటు, ఇరుకు సందుకి అవతల తన కిటికీ దగ్గర బియ్యం ఏరుకుంటున్న ఎదురింటి కన్నమ్మ చూపు కూడా వచ్చింది.

"ఓలమ్మ, పైడీ! ఆ పిల్లెవలే? మొన్న నువ్వు తిట్టిన చర్చి పిల్లేనేటి?"

"చర్చి పిల్లే. అయితే నీకేటి?" అంది పైడమ్మ. "ఎందుకొచ్చిందో ఈడినడుగు. నోరిప్పి చెప్తాడేమో ఇందాం."

కన్నమ్మ చేట పక్కన పెట్టేసింది. సూర్యప్రకాష్ చేతిలో సుత్తి అలాగే ఉంది.

"ఆవిడ ఒప్పుకుంటే... అమ్మకి కోడలవుతుంది, కన్నమ్మత్తా" అన్నాడు, కిటికీ చువ్వలతో చెబుతున్నట్టు.

హేమమాలిని రెయిన్‌కోటు తొడుక్కుంటోంది. ఒక గుండీ తప్పు కాజాలో పెట్టింది. అతనివైపు చూడకుండా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఒప్పుకున్నానని ఆయనకి చెప్పండి అత్తా."

ఆయన రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. అయినా కన్నమ్మ చెప్పింది, సందు చివరి టీ కొట్టు దాకా వినబడేలా చెప్పింది.