శభాష్ పూస

2074 నాటికి బరువులెత్తే పిల్లలెవరూ కోచ్ మాట కోసం వెనక్కి తిరిగి చూడటం లేదు. కుడిచెవిలో కందిగింజంత ‘ఉత్సాహిని’ ఉంటుంది. జనం దాన్ని శభాష్ పూస అంటారు. నాడినీ, కండరాల వణుకునీ క్షణక్షణం చదివి, ఏ మాట ఎప్పుడంటే ఒంట్లో సత్తువ లేస్తుందో లెక్కగట్టి, సరిగ్గా అప్పుడే కోచ్ గొంతుతో చెవిలో అంటుంది.

ఆముదాలవలస వ్యాయామశాలలో ఆ గొంతు కోచ్ సింహాద్రమ్మది. గొంతు ఆవిడదేగానీ యాస మాత్రం ఎవరిదో. నవ్వొచ్చే సంగతేమిటంటే, ముప్పయ్యేళ్లలో ఆవిడ ఎవరినీ శభాష్ అన్న పాపాన పోలేదు. మొహం మీద పొగిడితే దిష్టి తగులుతుందని ఆవిడ భయం. పిల్ల బార్ పట్టుకోగానే, తన చూపే తగులుతుందేమోనని గోడకేసి తిరిగి నిలబడేది. పూసలొచ్చాక ఆ పనీ లేకుండా పోయింది. తెర ముందు కూర్చుని గీతలు చూడటమే ఉద్యోగం. ఆరేళ్లుగా చూసి చూసి ఆవిడకు విసుగు కూడా రావడం మానేసింది.

ఆ రోజు రాష్ట్ర ఎంపికల్లో దమయంతి రెండుసార్లు బార్ వదిలేసింది. పదేళ్లప్పుడు ఈవిడ దగ్గర చేరిన పిల్ల. మూడోసారీ పోతే జట్టులో చోటూ, హాస్టల్లో మంచమూ రెండూ పోతాయి.

కోచ్‌కని ఇచ్చిన పూస సింహాద్రమ్మ చెవిలో పలికింది. "ఈ అమ్మాయి దగ్గర నా మాటలన్నీ అయిపోయాయి. పాత వీడియోలు చూశాను. మీరు గోడకేసి తిరిగినప్పుడే ఈమె నాడి కుదుటపడేది. నాకు వీపు లేదు. మీరు తిరగండి."

"నువ్వున్నావు గదే, నాకెందుకీ గోల?" అని గొణిగింది సింహాద్రమ్మ. గొణుగుతూనే మోకాళ్లు పట్టుకుని లేచి, గోడకేసి తిరిగి నిలబడింది.

వెనకాల బార్ లేచిన చప్పుడు, ఆపైన చప్పట్లు.

దమయంతి పరుగెత్తుకొచ్చింది. "నువ్వు తిరిగావు గదమ్మా! నీ దిట్టి తగుల్తాదని నువ్వు బయపడ్డావంటే, నానెత్తేస్తానన్నమాటే!"

"సాల్లే, ఎల్లి నీల్లు తాగు," అంది సింహాద్రమ్మ. పిల్ల వెళ్లాక కళ్లు తుడుచుకుంది.

"శభాష్, సింహాద్రమ్మగారూ," అంది పూస.

తన గొంతే. ఆ మాట ఆవిడతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. పీకేద్దామని చెయ్యి చెవి దాకా వెళ్లి ఆగిపోయింది. ఎవరూ వినడం లేదు గదా అని అటూ ఇటూ చూసుకుంది.

"దిట్టి తగిలితే తగల్నీ," అంది మెల్లగా. "మల్లీ ఒకపాలి అను."