కోతగదికి ఏడో మనిషి

వీపు చూడటం అయిపోయింది. హైమావతి కుర్చీని అరచుట్టు తిప్పి, మచ్చల్ని పరీక్షించే చూపరి యంత్రం కడ్డీని నూకాలమ్మ చెవి వెనక నుంచి చెంప మీదుగా నెమ్మదిగా దించింది. ముక్కు పక్కన కడ్డీ ఆగి సన్నగా కూసింది. తెర మీది ముఖపటంలో పసుపు చుక్క వెలిగింది.

"ఏటి తల్లీ, మళ్ళీ పసుపేనా?" నూకాలమ్మ కళ్ళు మూసుకునే అడిగింది. "ఇది మూడో వారం. నాను కోతకొచ్చేనో పేరంటానికొచ్చేనో తెలీకుంది."

బెంచీ మీదివాళ్ళు నవ్వారు. హైమావతి నవ్వలేదు. ఎరుపైతే ఈ రోజే ఆ మచ్చకి కోత. పసుపైతే వచ్చే వారం మళ్ళీ చూడాలి. ఆమె చెయ్యాల్సిందల్లా చూపరి తేల్చినదానికి తెర కింద 'సమ్మతి' మీట నొక్కడం. గంటకు ఇరవైమందికి నొక్కాలి.

నొక్కకుండా ఆ మచ్చను వేలితో తడిమింది. నున్నగా మెరుస్తోంది, మీద సన్నని ఎర్రదారాలు, అంచున ఎండిన రక్తం.

"తువ్వాలు తగిల్తే కారతంది," అంది నూకాలమ్మ.

పోయిన వారం కంటికొసకి రెండు వేళ్ళ దూరం ఉండేది. ఇప్పుడు ఒకటిన్నర.

ముత్యాల్లాంటి బుడిపెలు మొలిచే ముత్యపుచర్మంతో పుట్టినవాళ్ళకి చర్మ క్యాన్సర్ ఒకసారి వచ్చి పోయేది కాదు. కోసిన చోటికి జానెడు దూరంలో ఇంకోటి మొలుస్తుంది. ఇరవైతొమ్మిదేళ్ళకే హైమావతి ఒంటి మీద నలభై మూడు కుట్ల గాట్లు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. అయినా ఈ ఉద్యోగానికి పిలిచినప్పుడు ఆసుపత్రివాళ్ళు అడిగింది గాట్ల గురించే.

ఈ రోజు ఎరుపులు ఆరు. ఆమె పాత పటాలు వెనక్కి తిప్పింది. నిన్నా ఆరే. మొన్నా ఆరే. రెండు నెలల్లో ఒక్కరోజు కూడా ఏడు లేదు. కోతగదిలో రోజుకి ఆరుగురికే వీలు.

పర్యవేక్షకుడు లోకనాథం గాజుగదిలోంచి వచ్చాడు. "ఏమ్మా, లైను ఆగింది?"

"సార్, చూపరి చర్మాన్ని చూస్తోందా, కోతగదిని చూస్తోందా?"

"నీకు ముత్యాలతో పాటు అనుమానం కూడా మొలుస్తున్నట్టుంది. అది చర్మం కింద లోతు కొలుస్తుంది. నీ వేలు కొలుస్తుందా?"

మాట మెత్తగానే ఉంది. కానీ మాట్లాడినంతసేపూ ఆయన తెర వైపు చూడలేదు.

ఆయన వెళ్ళాక హైమావతి జాకెట్టు చెయ్యి పైకి లాగి, భుజం వెనక ఉన్న బుడిపెకి కడ్డీ ఆనించుకుంది. అది క్యాన్సరేనని మొన్ననే ల్యాబు కాగితం వచ్చింది. చూపరి పసుపు చూపించింది. మళ్ళీ పెట్టింది. పసుపే.

అంతలో ఎరుపొచ్చిన ఆ ఆరుగురిలో ఒకాయన, ఉప్పుమడుల మేస్త్రి, లేచాడు. "పన్నెండుకి ఎండలో తిరగొద్దని ఎండసైరన్ మోగిందంటే పడవ కదలదమ్మా. రేపొస్తాను." పేరు కొట్టేయించుకుని, ఎండ ఆపే గొడుగుచొక్కా తొడుక్కుని వెళ్ళిపోయాడు.

హైమావతి అదే భుజానికి కడ్డీ ఆనించింది. ఎరుపు.

ఇంతలోనే చర్మం మారదు.

"నీకు ఎర్రగొచ్చిందే!" నూకాలమ్మ కళ్ళు తెరిచి చూసింది. "పో తల్లీ, కోయించేసుకో. నాను మళ్ళీ వారం వస్తాను."

"వచ్చే వారానికి కంట్లోకి పాకుతుంది మామ్మా."

"పాకితే పాకనీ. ఇంకో కన్నుంది కదా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

తన పేరు కొట్టేసి నూకాలమ్మ పేరు ఎక్కించవచ్చు. అప్పుడు కూడా ఆరుగురే. చూపరికి ఏ ఇబ్బందీ ఉండదు. పొద్దుట పసుపు వచ్చిన ఇంకో ఇద్దరు మూలన మందుచీటీ కోసం కూర్చుని ఉన్నారు.

కోతగదిలో డాక్టర్ ఫాతిమా తెర చూడదు. ఒకప్పుడు తెర కుడి అంటే కుడి చెయ్యి కోసింది. జబ్బు ఎడమ చేతికి. అప్పటినుంచి ఊదారంగు సిరాతో గుండ్రం గీసిన చోటే కోస్తుంది. ఎరుపుల చుట్టూ ఆ గుండ్రాలు గీసేది హైమావతే.

ఆమె పెన్ను తీసి నూకాలమ్మ ముక్కు పక్కన గుండ్రం గీసింది. 'పసుపు మీద గుర్తు చెల్లదు' అంది తెర. మూలన ఉన్న ఇద్దరినీ పిలిచి వాళ్ళకీ గీసింది. తన భుజం వెనక్కి చెయ్యి అందక పెన్ను నూకాలమ్మకి ఇచ్చింది. ఆ గుండ్రం వంకర పోయింది.

కోతగది తలుపు దగ్గర డాక్టర్ ఫాతిమా లెక్కపెట్టుకుంది. "తొమ్మిదిమందేంటి? రోజూ ఆరుగురే కదా?"

"ఆరు మీ బల్లల లెక్క డాక్టరుగారూ. జబ్బు లెక్క ఇది."

"పసుపుల్ని ముట్టుకోవద్దు!" గాజుగదిలోంచి లోకనాథం కేక వేశాడు.

డాక్టర్ వంగి నూకాలమ్మ మచ్చను ఒత్తింది. తన వేలికి అంటిన రక్తాన్ని కాసేపు చూసింది. "మధ్యాహ్నం నేను ఇంటికి వెళ్ళట్లేదు," అని, తలుపు పక్క మీటల పలక మీద పసుపొచ్చిన ముగ్గురి పేర్లూ తనే ఎక్కించింది.

హాల్లో చూపరి తనంతట తాను కూసింది. పెద్ద తెర మీద ఆ మూడు పేర్లూ ఎర్రబడ్డాయి. వెంటనే పైనున్న ఆరు ఎరుపుల్లో ఒకటి పసుపైంది. తర్వాత ఇంకోటి. మూడోది హైమావతిది.

కడ్డీ కొక్కేనికి వేలాడుతోంది. దాని దగ్గర ఎవరూ లేరు.

మెడ మీద పొద్దుటే గుండ్రం గీయించుకున్న సీతాలు తన పేరు పసుపవడం చూసింది. బెంచీ మీంచి లేచి, జుట్టు పైకి ఎత్తి పట్టుకుని హైమావతి ముందు నిలబడింది.

"నన్నెవులూ ముట్టుకోనేదే!" అంది. "మళ్ళీ గియ్యి. ఈసారి లావుగా గియ్యి."