బొట్టు లేని మౌస్

"క్యాన్సర్ మందు ఫార్ములా ఈ మధ్యాహ్నం రెండింటికి దేశం దాటుతుంది. బొల్లారం ప్లాంటు కంట్రోల్ రూమ్ నుంచే. ఎలాగో తెలియదు. ఆపు," అన్నాడు చీఫ్.

ఏజెంట్ ఎబెనేజర్ కంప్యూటర్ మెకానిక్ వేషంలో ప్లాంటులో దిగాడు. ఆరేళ్లుగా అతని పార్ట్‌నర్ అయిన నిషిత, ఆడిటర్ వేషంలో వారం క్రితమే అక్కడ చేరింది. నల్ల కళ్లద్దాలు, ఖరీదైన సెంటు. ఆమె నడిచొస్తే గార్డులు గేటు పాస్ అడగడమే మరిచిపోతారు. "కంట్రోల్ రూమ్‌లో ఇంకా కాలు పెట్టలేదు ఎబీ," అని పొద్దున్నే ఫోన్‌లో చెప్పింది. నమ్మాడు.

1:40. "జెర జల్దీ సూడుండ్రి సార్," అంది ఆపరేటర్ పుష్ప. "మౌస్ చక్రం ముట్టకున్నా పేజీ పైకీ కిందికీ ఉరుకుతున్నది."

లైనక్స్ డెస్క్‌టాప్. స్క్రోల్ సెట్టింగ్స్ సరిగానే ఉన్నాయి. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ తెరిచి ఇన్‌పుట్ పరికరాల లిస్టు తీశాడు. బల్ల మీద కీబోర్డు ఒక్కటే, లిస్టులో రెండు. రెండోది మౌస్ తగిలించిన పోర్టులోనే కనిపిస్తోంది, అంటే మౌస్ కడుపులో దాక్కుంది! రెండింటికి షిఫ్టు మారుతుంది, కుర్చీ ఖాళీ అవుతుంది, అప్పుడు అదే టైప్ చేసి ఫార్ములా పంపేస్తుంది.

ఇప్పుడే పీకేస్తే మౌస్ దొరుకుతుంది, పెట్టినవాళ్లు దొరకరు. వైరు చేతిలో పట్టుకుని చుట్టూ చూశాడు. మానిటర్‌కు, కీబోర్డుకు, ఆఖరికి ప్లగ్గుకు కూడా పసుపు కుంకుమ ఉంది. మౌస్‌కు లేదు.

"దసరాకు పూజ చేసిన్రా?"

"నేనే అన్నిటికి బొట్టు పెట్టిన సార్. ఇది గప్పుడు లేదు. పాతదాని చక్రంల కుంకుమ ఇరికిందని నిన్న నిషిత మేడమ్ వచ్చి మార్చింది."

కంట్రోల్ రూమ్‌లో కాలే పెట్టలేదన్న పొద్దున్నటి మాట ఎబెనేజర్‌కు గుర్తొచ్చింది. నమ్మించి గొంతు కోయడమంటే ఇదే.

1:59. షిఫ్టు సైరన్ మోగింది. పుష్ప టిఫిన్ డబ్బా తీసుకుని లేచింది. గుమ్మంలో సెంటు వాసన.

"పక్కకు జరుగు ఎబీ." నిషిత చేతిలో పిస్తోలు అతని వైపే ఉంది.

"ఆరేండ్లు నీ చేతి చాయ్ తాగిన, నిషితా."

తెర మీద అక్షరాలు వాటంతట అవే పడసాగాయి. చివరి కమాండ్ పూర్తికాకముందే ఎబెనేజర్ వైరు పీకేశాడు. పిస్తోలు పేలేలోపే పుష్ప స్టీలు డబ్బా నిషిత మణికట్టు మీద పడింది.

"ఎట్ల పట్టినవ్?" బేడీలు పడ్డాక అడిగింది నిషిత.

"బొట్టు పెట్టుడు మరిచినవ్."

ఆమె వెళ్లాక పుష్ప సొరుగులోంచి పాత మౌస్ తీసిచ్చింది. చక్రంలోని కుంకుమను గుండుసూదితో గోకి, తగిలించాడు. పేజీ బుద్ధిగా కదిలింది. అతని కళ్లు మాత్రం మండుతున్నాయి.

ఫోన్‌లో చీఫ్. "కొత్త పార్ట్‌నర్‌ను పంపమంటావా?"

"వద్దు సార్. మౌస్ అయితే మనదో కాదో బొట్టు సూడంగనే తెలుస్తది. మనిషైతే తెల్వది."