సరిదిద్దిన ముక్కు

"ఈ ముక్కు ఎవరిది?" అని అడిగింది ఆమె, ఫొటోను కౌంటర్ మీద పెట్టి.

ఫొటోగ్రాఫర్ ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి చూశాడు. రెండు వారాల క్రితం రెజ్యూమె కోసం తను తీసిన ఫొటోనే. "మీదే కదండీ" అన్నాడు.

"నాది నా మొహం మీదుంది. చూడండి."

చూశాడు. ఆమె ముక్కు మధ్యలో కాస్త ఎత్తుగా ఉండి, చివరికొచ్చేసరికి ఎడమకు ఒరిగింది. ఫొటోలో మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. టచప్ చేసేటప్పుడు సరిదిద్దేశాడు.

ఆమె గొంతు పెంచకుండానే జరిగింది చెప్పింది. వినికిడి పరీక్షలు చేసి చెవి మెషీన్లు అమర్చే కోర్సు చదివింది. పాత ఫొటోతో నాలుగు నెలలు అప్లికేషన్లు పంపితే ఇంటర్వ్యూకి ఒక్క పిలుపూ రాలేదు. ఈ ఫొటో పెట్టాక పది రోజుల్లో మూడొచ్చాయి. మూడో చోట మేనేజరు ఫొటోను చూసి, ఆమెను చూసి, పక్కనున్నావిడ చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ నవ్వు ఆపుకున్నారు. ఆ తర్వాత వాళ్ళు అడిగినవన్నీ తెలిసినవే అయినా ఆమెకు నోరు పెగల్లేదు.

"ఇన్నేళ్ళూ నాకో ముక్కుందన్న సంగతే గుర్తు లేదు. ఇప్పుడు అద్దంలో అదొక్కటే కనబడుతోంది" అంది.

అతను తలొంచుకుని, డబ్బు తీసుకోకుండా మళ్ళీ ఫొటో తీస్తానన్నాడు. ఆమె వద్దంది. వచ్చే నెలలో సర్జరీకి తేదీ తీసుకుందట. డాక్టరుకు చూపించడానికి ఈ ముక్కుతోనే ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటోలు కావాలంది. అతను గురువారం రమ్మన్నాడు.

చెప్పిన రోజున ఆమె వానలో తడుస్తూ వచ్చింది. లోపల కుర్చీలో ఫొటోగ్రాఫర్ తాతయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన చెవిలోని మెషీన్ సన్నగా ఈల వేస్తోంది. ఏడాదిగా అంతే. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. ఆమె మాత్రం ఊరుకోలేకపోయింది.

"తాతగారూ, ఒకసారి తీస్తారా?" అని చేత్తో సైగ చేసి అడిగింది. చెవిలో పెట్టే రబ్బరు ముక్క వదులైందని చెప్పి, బ్యాగులోంచి ఇంకో సైజు తీసి మార్చింది. చిన్న బ్రష్‌తో మెషీన్ శుభ్రం చేసి పెట్టింది. ఈల ఆగింది. ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని, పెదవుల కదలిక చూసి ఊహించకుండా చేయి అడ్డం పెట్టుకుని, మెల్లగా ఒక్కో మాటా చెప్పసాగింది. తాతయ్య తిరిగి చెబుతున్నాడు. నీళ్ళు. గొడుగు. కిటికీ.

"వాన పడుతోందా?" అన్నాడు తాతయ్య ఉన్నట్టుండి. ఆమె మొహం విప్పారింది. అప్పుడే ఫొటోగ్రాఫర్ కెమెరా నొక్కాడు.

తర్వాత కంప్యూటర్లో ముక్కు దిద్దిన పాత ఫొటోనూ, ఇప్పుడు తీసినదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడు.

"నిజం చెప్తానండి. మంచి ఫొటోకి పిలుపులు ఎక్కువొస్తాయి. అది అబద్ధమైతే మా షాపు ఎప్పుడో మూతపడేది. సర్జరీ చేయించుకుంటే లాభం ఉండదని నేను అనలేను. ఈ దిగులు మీకు మొదట్నుంచీ ఉన్నదైతే నోరెత్తేవాణ్ణి కాదు. కానీ ఇది నేను పెట్టిన దిగులు. నా తప్పుకి మీరు కత్తి కింద పడుకోవద్దు."

ఆమె తెర మీద రెండు ముక్కులనూ వేలితో గీసి చూసింది. చివరికి రెండు ఫొటోలూ ఇమ్మంది.

సగం అప్లికేషన్లు ఒకదానితో, సగం రెండోదానితో పంపింది. సరిదిద్దిన ముక్కుకు అయిదు పిలుపులొచ్చాయి, అసలు ముక్కుకు రెండు. ఆ లెక్క వినగానే ఫొటోగ్రాఫర్ మొహం వాడిపోయింది. ఆమే అతనికి సర్ది చెప్పి, ఇంటర్వ్యూలకు వెళ్ళింది.

ఆ అయిదింటిలో ఒక పెద్ద ఆస్పత్రి ఉద్యోగం ఇస్తానంది. అయితే పరీక్షల గదిలో కాదు, వచ్చినవాళ్ళను పలకరించే కౌంటర్లో. అసలు ముక్కుకొచ్చిన రెండింటిలో ఒకటి మూడు గదుల చిన్న క్లినిక్. అక్కడి డాక్టరమ్మ ప్రశ్నలేవీ అడక్కుండా, మెషీన్ పెట్టుకోనని మొండికేసిన ఒక పెద్దావిడను ఆమె ముందు కూర్చోబెట్టింది. ముప్పావు గంటకు ఆ పెద్దావిడ మెషీన్‌తోనే లేచింది. సోమవారం నుంచి రమ్మంది డాక్టరమ్మ. ఆమె క్లినిక్‌కే సరేనంది.

సర్జరీ తేదీ కూడా ఆ సోమవారమే. ఆమె ఫోన్ చేసి రద్దు చేసుకుంది. ఎప్పుడైనా తనకే కావాలనిపిస్తే చేయించుకుంటానని, ఉద్యోగం కోసమైతే అక్కర్లేదని అమ్మతో చెప్పింది.

ఉద్యోగంలో చేరి వారమైంది. రోజూ సాయంత్రం క్లినిక్ దగ్గర్నుంచి బస్‌స్టాప్ దాకా ఫొటోగ్రాఫర్ తోడొస్తున్నాడు. దారి తనది కాకపోయినా తనదే అంటున్నాడు. ఆమె నమ్మినట్టు నటిస్తోంది.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి" అంది ఆ రోజు. "మొదటిసారి నా ముక్కు చూసినప్పుడు ఏమనిపించింది?"

"ఏమీ అనిపించలేదండి. అసలు చూడలేదు. వచ్చినవాళ్ళందరి ముక్కులూ అలాగే దిద్దేవాణ్ణి." కొంచెం ఆగాడు. "అదే నా తప్పు. మిమ్మల్ని చూడకుండానే దిద్దాను."

"మరిప్పుడు?"

"ఇప్పుడు మిమ్మల్ని తప్ప ఇంకేం చూడటం లేదు. ఆ ధ్యాసలో నిన్న ఒకాయన ఫొటో ఇంకొకాయనకి ఇచ్చేశాను. మీరంటే నాకు చాలా ఇష్టమండి. మీకు అభ్యంతరం లేకపోతే, మీ అమ్మగారితో వచ్చి మాట్లాడతాను."

బస్సు వచ్చి ఆగింది. ఆమె ఎక్కలేదు. అది కదిలి మలుపు తిరిగేదాకా చూసింది.

"ఆదివారం రా" అంది. "కానీ అమ్మ ముందు నన్ను మీరూ గీరూ అనకు. నవ్వొస్తుంది."